కోడంబాక్కంలో ఉండి తెలుగు పాటతో బతకడం ఎలా

చెన్నై సినిమా పేట కోడంబాక్కం దగ్గర, సాలిగ్రామంలో మా ఇంటి ఓనరు ప్రతి నెలా ఐదో తారీఖు పొద్దున్నే మెట్లెక్కి వస్తారు. పెద్దాయన, మంచివారే. "ఎన్న సార్, పాట్టు వందిరుచ్చా?" అంటారు. పాట వచ్చిందా అని అడిగితే అద్దె వచ్చిందా అని అర్థం. నేను తెలుగు పాటల రచయితని, పన్నెండేళ్లుగా ఆ ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెబుతూనే ఉన్నాను. మొదటి నాలుగేళ్లు చెప్పినవి ఎక్కువగా అబద్ధాలు. ఆ నాలుగేళ్లలో నేను చేసిన తప్పుల్లో కొన్నయినా మీకు తప్పుతాయని ఇది రాస్తున్నాను.

అసలు చెన్నై దేనికి?

మీ కోరిక పెద్ద తెలుగు హీరో సినిమాకి పాట రాయడం ఒక్కటే అయితే సామాను సర్దుకుని హైదరాబాద్ వెళ్లండి. తెలుగు పరిశ్రమ మద్రాసు నుంచి అక్కడికి మారిపోయి దశాబ్దాలైంది. విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉంది, అందులో పార్కింగ్‌కి డబ్బులు తీసుకుంటారు. పాత మద్రాసు మీద మమకారంతో వచ్చేవాళ్లు ఆరు నెలల్లో తిరుగు టపా కడతారు.

చెన్నైలో తెలుగు రచయితకి దొరికే పని వేరు. తమిళ సినిమాలు తెలుగులోకి వచ్చేటప్పుడు పాటలన్నీ మళ్లీ రాయాలి. ఇక్కడి ఏజెన్సీలు చీరల కొట్లకీ నగల దుకాణాలకీ తీసే ప్రకటనలకు తెలుగు వెర్షన్ కావాలి. భక్తి ఆల్బమ్‌లు ఉన్నాయి. రెండు భాషల్లో ఒకేసారి తీసే సినిమాలున్నాయి. ఈ పనుల్లో చాలావాటికి తెలుగు బాగా వచ్చి, తమిళం అర్థమై, రేపు పొద్దున పదింటికి వడపళనిలో స్టూడియోకి రాగలిగిన మనిషి కావాలి. అలాంటివాళ్లు ఊళ్లో తక్కువమందే ఉన్నారు. మీకు గిరాకీ ఉండేది అందుకే.

ముందు ఆరు నెలల తిండి

చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా రావద్దు. అది లేకపోతే జీతం వచ్చే పని ఒకటి పెట్టుకోండి. సబ్‌టైటిల్స్ రాయడం, డబ్బింగ్ డైలాగులకు సహాయకుడిగా ఉండటం, అనువాదం, తెలుగు ప్రూఫులు దిద్దడం, ఇవన్నీ మన చేతికి దగ్గరి పనులే. నేను మూడేళ్లు పగలు సబ్‌టైటిల్స్ చేసి రాత్రి పాటలు రాశాను. దాన్ని చిన్నతనంగా అనుకున్నాను కానీ, ఇప్పుడు చూస్తే పెదవులు ఎక్కడ కలుస్తాయో, నటుడు ఎక్కడ ఊపిరి తీస్తాడో నాకు నేర్పింది ఆ పనే.

శ్రీశ్రీ అంతటివారి సినిమా పాటల ప్రయాణం మొదలైందే డబ్బింగ్‌తో, 1950లో వచ్చిన 'ఆహుతి'తో. డబ్బింగ్ పాటలు రాస్తున్నానని చెప్పుకోవడానికి ఎవరైనా నసిగితే నేను ఈ సంగతి గుర్తు చేస్తాను.

ట్యూన్‌కి రాయడం

మీ దగ్గర నోటుబుక్కు నిండా కవితలు ఉండొచ్చు. వాటిని ఎవరికీ చూపించకండి. ఇక్కడ ట్యూన్ ముందు వస్తుంది, మాట తర్వాత వస్తుంది. కంపోజర్ ఫోన్‌లో తననననా అంటూ పాడిన ముక్క వాట్సాప్‌లో పంపుతాడు. లేదంటే నోటికొచ్చిన మాటలతో డమ్మీ పాడి పంపుతాడు. మీరు చేయాల్సిన మొదటి పని దాన్ని గురువులు, లఘువులుగా కాగితం మీద పెట్టుకోవడం. స్కూల్లో ఛందస్సు క్లాసుకి విసుక్కున్నవాళ్లు ఇప్పుడు బాధపడతారు.

ఒక ముక్క తీసుకుందాం: తాన తనననా, తాన తనననా. దీనికి సరిపోయే మాటలు, "వాన వెలిసినా, చూరు కురిసెనే." పాడి చూడండి, ఎక్కడా నొక్కక్కర్లేదు, సాగదీయక్కర్లేదు. అదే ట్యూన్ అల్లరి సీన్‌కి అయితే, "పేరు పిలవకే, ఊరు వినునులే." రెండూ ఒకే అచ్చులో పోసినవే, సందర్భాలు వేరు. ఒక్కో ట్యూన్‌కి ఇలా ఐదు పల్లవులు రాయడం రోజూ అలవాటు చేసుకోండి. సెషన్లో నిజంగా అడిగేది కూడా అదే: "ఇంకో ఆప్షన్ ఇవ్వండి సార్." ఒక్క పల్లవి తీసుకెళ్లి, అది బాగుందని అరగంట వాదించేవాళ్లని మళ్లీ పిలవరు. నన్ను రెండు చోట్ల పిలవలేదు.

రాగం సాగే చోట ఏ అచ్చు పెడుతున్నారో చూసుకోండి. పై స్థాయిలో నాలుగు సెకన్లు నిలబెట్టే స్వరం మీద 'ఆ'నో 'ఓ'నో ఉంటే గాయని హాయిగా పాడుతుంది. అక్కడ 'ఇ' పెడితే గొంతు బిగుస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఈ విషయంలో మనది అదృష్టం.

డబ్బింగ్‌లో అదే అదృష్టం అడ్డం తిరుగుతుంది. చాలా తమిళ మాటలు హల్లుతో ఆగుతాయి: నాన్, పెణ్, వందాల్. నటి నోరు మూసేసిన చోట మన మాట ఇంకా అచ్చుతో సాగుతూ ఉంటుంది. అన్నిటికంటే చిక్కు పెదవుల దగ్గర. ప, ఫ, బ, భ, మ పలికేటప్పుడు పెదవులు కలుస్తాయి, క్లోజప్‌లో అది తెర మీద అందరికీ కనబడుతుంది. తమిళంలో మనసుని 'మనం' అంటారు. నటి ఆ మాటతో ఆగితే పెదవులు మొదట ఒకసారి, చివర ఒకసారి మూతపడతాయి. మనం అర్థం చూసి 'మనసు' అని రాస్తే చివర పెదవులు గుండ్రంగా తెరుచుకుంటాయి, నటి పెదవులేమో మూసి ఉంటాయి. అక్కడ పదం, భయం, మదం లాంటి మాటలు కూర్చుంటాయి. మనసు అన్న భావాన్ని పక్క పాదంలోకి జరపాలి. కాబట్టి ఆడియో ఒక్కటే పంపితే ఒప్పుకోకండి, వీడియో అడగండి. లాంగ్ షాట్లు, వెనక్కి తిరిగి నడిచేవి, కొండల మీద కెమెరా తిరిగేవి విడిగా గుర్తు పెట్టుకోండి. మీ కవిత్వం అంతా అక్కడ పెట్టుకోవచ్చు, పెదవుల బాధ ఉండదు.

వీడియో ఇంకా ఎడిటింగ్‌లో ఉంది, ఇవ్వలేం అంటారు. అప్పుడు తమిళ పాట చేతిరాత ప్రతి అయినా అడగండి. అది తమిళ లిపిలోనే ఉంటుంది, అందుకే తమిళం చదవడం నేర్చుకోండి. కష్టమేమీ కాదు, బస్సు బోర్డులు చదువుతూ తిరిగితే నెల రోజుల పని.

రికార్డింగ్‌కి తప్పకుండా వెళ్లండి

చాలామంది పాట మెయిల్ చేసి ఇంట్లో కూర్చుంటారు. చెన్నైలో అది ప్రమాదం. పాడేవాళ్లు చాలాసార్లు తమిళులు, తెలుగు మాటల్ని తమిళ లిపిలో రాసుకుని పాడతారు. ఆ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. మీరు రాసిన 'బాధ' మైకులో 'పాద' అయిపోతుంది. త్యాగరాజ కీర్తనలను తమిళంలో అచ్చేసేవాళ్లు ఈ చిక్కు కోసమే అక్షరాల మీద 1, 2, 3, 4 అని అంకెలు వేస్తారు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న గాయకులకు ఆ పద్ధతి తెలుసు, మీరే అంకెలు వేసి ఇస్తే సంతోషిస్తారు. మిగతావాళ్లకు హిందీ వస్తే దేవనాగరిలో రాసివ్వండి.

బూత్ బయట కూర్చుని తప్పు విన్నప్పుడల్లా టాక్‌బ్యాక్ (లోపల పాడేవాళ్లకి మన మాట వినిపించే బటన్) నొక్కి అరవొద్దు. ఒక చరణం పూర్తవనివ్వండి, గుర్తు పెట్టుకుని ఒకేసారి చెప్పండి. "అమ్మా, ఆ ఒత్తు ఒక్కటి" అంటే ఏ గాయనీ కాదనదు. ఇంకో సంగతి, ట్రాక్ సింగర్లతో, అంటే అసలు గాయకుల కంటే ముందు నమూనాగా పాడేవాళ్లతో, స్నేహంగా ఉండండి. కొత్త కంపోజర్ ఎవరొచ్చారో, ఎవరికి తెలుగు రచయిత కావాలో మొదట తెలిసేది వాళ్లకీ, కంప్యూటర్ మీద వాద్యాలు కూర్చే ప్రోగ్రామర్లకీనే. దర్శకుడి ఆఫీసు ముందు నిలబడటం కంటే ఇళ్లలో నడిచే చిన్న స్టూడియోల కింద టీ తాగడం వల్ల నాకు ఎక్కువ పని దొరికింది. వాళ్లకి ఇవ్వడానికి మూడు పాటల డెమో చాలు: ఒక మెలొడీ, ఒక మాస్ పాట, ఒక డబ్బింగ్ ముక్క. ఇరవై పేజీల పీడీఎఫ్ ఎవరూ తెరవరు.

ఒక్క పేజీ కాగితం

ఇది రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టానేమో కూడా. ఇక్కడికొచ్చిన మూడో ఏట ఒక భక్తి ఆల్బమ్‌కి ఐదు పాటలు రాశాను. సగం డబ్బు చేతిలో పెట్టి, "మిగతాది రిలీజయ్యాక చూసుకుందాం తమ్ముడూ, మనం మనం ఒకటి" అన్నారు నిర్మాత. కాగితం అడగడానికి మొహమాటపడ్డాను. ఆల్బమ్ వచ్చింది. అందులో నా పేరు లేదు, మిగతా సగం ఈ రోజుకీ రాలేదు. పాటలు ఇప్పటికీ మా వీధి గుడిలో వేస్తారు. మా అత్తయ్య ఊరి నుంచి వచ్చినప్పుడు, "ఇది మా అల్లుడు రాసిందే" అని పక్కింటావిడకి చెబితే ఆవిడ నమ్మలేదు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో దాన్ని సవరించారు. ఆ సవరణ కోసం రాజ్యసభలో గట్టిగా మాట్లాడింది హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్. రచయితకి దానివల్ల వచ్చిన ముఖ్యమైన మేలు ఇది: సినిమా కోసం రాసిన పాట హక్కుల్ని నిర్మాతకి రాసిచ్చినా, థియేటర్లో సినిమాతో పాటు ఆడటం తప్ప మిగతా వాడకాలకి, అంటే రేడియో, టీవీ, స్ట్రీమింగ్, హోటళ్లు, కచేరీలు వగైరాలకి వచ్చే రాయల్టీలో సమాన వాటా పొందే హక్కు రచయితదే. దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదు. ఆ హక్కుని వారసులకి గానీ, వసూలు చేసి పంచడానికి కాపీరైట్ సొసైటీకి గానీ ఇవ్వొచ్చు, ఇంకెవరికీ కాదు. సినిమాలో లేని ఆల్బమ్ పాటలకీ ఇలాంటి రక్షణే ఉంది. కాబట్టి ఒప్పందంలో "సర్వ హక్కులూ శాశ్వతంగా, రాయల్టీతో సహా" అని కనిపిస్తే భయపడకండి, ఆ రాయల్టీ అన్న మాట కొట్టేయమని మర్యాదగా అడగండి.

మీరు తీసుకెళ్లే కాగితం ఒక్క పేజీ ఉంటే చాలు. పాట పేరు, మొదటి పాదం. ఏ వాడకానికి ఇస్తున్నారు. ఎన్నేళ్లకి, ఏ ప్రాంతానికి. ఎంత డబ్బు, ఎప్పుడు. పేరు ఎక్కడెక్కడ వేస్తారు. కింద ఇద్దరి సంతకాలు, తేదీ. కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. ఈ రెండూ రచయితకి మేలు చేసేవే. ఈ మధ్య నేను ఇంకో లైను కలుపుతున్నాను: నా సాహిత్యాన్ని ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడాలంటే విడిగా అడగాలి. కొందరు నవ్వి సంతకం పెడతారు, కొందరు కొట్టేస్తారు. కొట్టేసినా ఆ మాట చర్చకి వచ్చిందన్నది దక్కుతుంది.

అలా అడగడానికి నోరు రాకపోతే నేను వాడే మాట చెబుతాను: "సార్, మా ఆడిటర్ అడుగుతున్నారు." ఆడిటర్ మీద ఎవరికీ కోపం రాదు.

అడ్వాన్స్ సగం, ట్రాక్‌కి సాహిత్యం ఓకే అయిన రోజు మిగతా సగం. రిలీజ్‌తో ముడి పెట్టకండి. సినిమాలు రిలీజ్ కాకుండా ఆగిపోతాయి, మీ పని ఆగలేదు కదా.

ఐపీఆర్‌ఎస్

రాయల్టీ హక్కు మీకుందని చట్టం చెబుతుంది, దాన్ని వసూలు చేసి మీ ఖాతాలో వేసేది మాత్రం ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. 1969లో మొదలైంది, ప్రధాన కార్యాలయం ముంబైలో. 2012 సవరణ తర్వాత చాలా గొడవలు నడిచి 2017లో మళ్లీ ప్రభుత్వ గుర్తింపు పొందింది. గీత రచయితలు, కంపోజర్లు, మ్యూజిక్ పబ్లిషర్లు సభ్యులు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. విడుదలైన పాటలో మీ పేరు ఉన్నట్టు ఆధారం, పాన్, బ్యాంకు వివరాలు దగ్గర పెట్టుకోండి. అందుకే పేరు వేయించుకోవడం మీద అంత పట్టుపట్టమంటున్నాను. యూట్యూబ్ వీడియో కింద "లిరిక్స్" పక్కన మీ పేరు లేకపోతే రేపు ఆధారం వెతుక్కోవాలి.

సభ్యుడు కాగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. పాట తర్వాత పాట అక్కడ నమోదు చేయాలి. ఎక్కడా మీ పేరు మీద లేని పాటకి ఎవరూ డబ్బు పంపరు. పేరు అన్నిచోట్లా ఒకేలా రాయండి. ఒక చోట ఇంటిపేరుతో, ఒక చోట పొట్టి పేరుతో, ఒక చోట కలంపేరుతో రాస్తే ముగ్గురు మనుషులవుతారు. డబ్బింగ్ పాట అయితే అది ఏ పాటకి తెలుగు వెర్షనో చెప్పి నమోదు చేయండి, ఎందుకంటే అసలు పాట వాళ్లకీ వాటా ఉండొచ్చు.

మొదటిసారి నాకు వచ్చిన మొత్తం ఒక కుటుంబం సరవణ భవన్‌లో భోంచేసి వచ్చేంత. తర్వాత మెల్లగా పెరిగింది. నాకు నెల జీతం కాదు గానీ స్కూలు ఫీజు నెలలో చేతికి అందుతుంది.

పాటకి విడిగా కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాయగానే హక్కు పుడుతుంది. అయినా వివాదం వస్తుందనిపించిన వాటికి చేయించుకోవచ్చు. సాహిత్యానికి ఫీజు 500 రూపాయలు. నేను మాత్రం పాట పూర్తవగానే నాకు నేనే మెయిల్ చేసుకుంటాను. అది రిజిస్ట్రేషన్‌కి సమానం కాదు గానీ, తేదీ చూపించడానికి పనికొస్తుంది.

సొంత పాటలు, యూట్యూబ్

సొంతంగా పాట విడుదల చేయాలనుకుంటే ఒక విషయం తేల్చుకోండి. రికార్డింగ్ మీద హక్కు వేరు, సాహిత్యం, ట్యూన్ మీద హక్కులు వేరు. రికార్డింగ్ ఖర్చు పెట్టుకున్నవాళ్లది రికార్డింగ్. కంపోజర్, మీరు, గాయని ముగ్గురూ కలిసి చేస్తే ఎవరి వాటా ఎంతో పాట విడుదల కాకముందే వాట్సాప్‌లో అయినా రాసుకోండి, స్నేహితులైతే మరీ తప్పకుండా.

అంకెలు చూసి ఆశపడొద్దు. స్పాటిఫై 2024 నుంచి 12 నెలల్లో 1000 సార్లు కూడా వినని రికార్డింగ్‌కి డబ్బు ఇవ్వడం లేదు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయానికి 1000 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి, దాంతో పాటు ఏడాదిలో 4000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ గానీ రావాలి. నా సొంత ఛానెల్ నాకు డబ్బు తేలేదు. కానీ అందులో పెట్టిన ఒక పాట విని ఒక ఏజెన్సీ అమ్మాయి ఫోన్ చేసింది. ఆ ఫోన్ నుంచి ఏడు జింగిల్స్, అంటే ప్రకటనల చిన్న పాటలు, వచ్చాయి.

జింగిల్స్, పెళ్లిళ్లు, పండగలు

జింగిల్ ముప్పై సెకన్ల పని. పేరు రాదు, రాయల్టీ ఆశ తక్కువ, డబ్బు మాత్రం త్వరగా వస్తుంది. టీ నగర్‌లో పుట్టి తెలుగు ఊళ్లలో బ్రాంచీలు పెట్టిన దుకాణాలకి ఆడి నెల తగ్గింపులకు తమిళంలో చేసిన ప్రకటనే తెలుగులో కావాలి. అక్కడో జాగ్రత్త: ఆడి అంటే మనకు ఆషాఢం, కానీ వాళ్లది సౌర మాసం, రోజులు పూర్తిగా కలవవు. తమిళ స్క్రిప్టుని ఉన్నదున్నట్టు మార్చేస్తే విజయవాడలో అప్పటికే శ్రావణం వచ్చేసి ఉంటుంది. ఇలాంటిది మీరు పట్టుకుని చెబితే రెండో పని మీకే వస్తుంది. రేటు చెప్పేటప్పుడు ఎన్ని మాధ్యమాల్లో, ఎన్నాళ్లు వాడతారో అడగండి. ఏడాది దాటితే మళ్లీ డబ్బు అని రాయించండి.

భక్తి పాటలకి కేలండర్ చూసుకోవాలి. అయ్యప్ప పాటలు కార్తీకంలో వినబడాలంటే ఆగస్టుకల్లా మీ చేతి నుంచి వెళ్లిపోవాలి. వినాయక చవితివి మేలో. పెళ్లి వీడియోల కోసం వధూవరుల పేర్లతో పాట రాయించుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి, ఆ పని నేను మొదట చిన్నచూపు చూశాను. ముహూర్తాల నెలల్లో ఇప్పుడు అదే అద్దె కడుతోంది. ఒక పెళ్లికూతురి తాతగారు తన పేరు కూడా పాటలో రావాలని పట్టుబట్టారు. వరసలు కుదిరేదాకా నాలుగుసార్లు మార్చాను.

పన్నులు

టూకీగా. మీ ఫీజు ఏడాదికి ఒక పరిమితి దాటితే కంపెనీ 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) పట్టుకుంటుంది. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. పట్టుకున్నది నిజంగా మీ పాన్ మీద జమ చేశారో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఆదాయ పన్ను నిబంధనల్లో సినిమా ఆర్టిస్టు అన్న నిర్వచనంలో గీత రచయిత కూడా ఉన్నాడు, అందుకని చిన్న ఆదాయం ఉన్నవాళ్లు వచ్చినదాంట్లో సగాన్ని లాభంగా చూపించే సులువైన పద్ధతి వాడుకోవచ్చు. ఆడిటర్‌ని ఆ మాట ఒక్కటి అడగండి. ఈసారి నిజంగానే ఆడిటర్‌ని.

చివరగా, నోటుబుక్కు

రాసిన ప్రతి పాటకీ ఒక వరస: పేరు, మొదటి పాదం, ఎవరికి ఇచ్చారు, ఒప్పందం తేదీ, ఎంత వచ్చింది, ఎంత రావాలి, ఐపీఆర్‌ఎస్‌లో నమోదైందా, పేరు పడిందా. ఎక్సెల్ అయినా ఫర్వాలేదు, నాకు చేతిరాతే అలవాటు. ప్రతి ఆదివారం అరగంట దాని ముందు కూర్చుని రావాల్సిన బాకీలకి ఫోన్లు చేస్తాను. సోమవారం చేస్తే వాళ్లు మీటింగ్‌లో ఉంటారు, ఆదివారం సాయంత్రం అయితే ఎత్తుతారు.

ఆ నోటుబుక్కు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి చెప్పండి. సాహిత్యం మీద కాపీరైట్ రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది, అది వారసులకి వస్తుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ పుస్తకం తీసుకెళ్లి రేషన్ కార్డు, గ్యాస్ బుక్కు ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. ఇప్పుడు ఆదివారం వస్తే అడిగి తీసుకుంటున్నాను.